బంతి గాల్లో వుండగా ఇంటర్వెల్!

సినిమాహాల్లో ఇంటర్వెల్ పడితే ఎవరికీ కోపం రాదు. హీరో కత్తి ఎత్తినప్పుడే పడనీయండి, హీరోయిన్ ఉత్తరం చింపినప్పుడే పడనీయండి... సమోసా తిని, సోడా తాగి, మళ్ళీ వచ్చి కూర్చుంటాం. మనం వచ్చేదాకా కథ ఆగి వుంటుందని నమ్మకం! మరి ఇంటర్వెల్ వేసి, తెర వెనకాల కథ మాత్రం నడిపించేస్తే? ప్రొజెక్టరు గదిమీద చెప్పులు పడవూ?

టీవీలో ఫుట్‌బాల్ చూచేవాళ్ళకి జరుగుతున్నది సరిగ్గా ఇదే!

క్రికెట్ అయితే బాధ లేదు. ఓవరుకీ ఓవరుకీ మధ్య సందు వుంది, వికెట్ పడితే ఇంకో సందు వుంది. ఫుట్‌బాల్‌కి ఆ భాగ్యం లేదు. 45 నిమిషాలు ఆట, పావుగంట విశ్రాంతి, మళ్ళీ 45 నిమిషాలు. అమ్ముకోవడానికి మధ్యలో ఖాళీ ఏదీ? లేకపోతే చేసుకుంటారు! ఆట జరుగుతూండగానే బొమ్మ కుంచించుకుపోయి ఒక మూలకి చేరుతుంది. చుట్టూ సబ్బు నురగో, కూల్‌డ్రింకు బుడగలో!

నేను వుండేది ఇస్నాపూర్ దగ్గర. ఇటు పటాన్‌చెరు, అటు పాశమైలారం, మధ్యలో లారీలు. పత్రికలకి రాసుకు బతికేవాణ్ణి కనుక నాకు పగలూ రాత్రీ తేడా లేదు. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళకీ లేదు. రెండో షిఫ్టు రాత్రి పదింటికి వదుల్తుంది. ఆ తర్వాత టీ హోటల్లో బెంచీలు నిండుతాయి. బెంగాలీలు, ఒరియావాళ్ళు, మలయాళీలు, మన మెదక్, జహీరాబాద్ కుర్రాళ్ళు. ఐరోపాలో సాయంకాలం ఆడే ఆట మనకి అర్ధరాత్రి వస్తుంది గదా! ఈ జనానికి అది మహా అనుకూలం.

2022 ప్రపంచకప్ నాడు చూడాలి ఆ సందడి! ఫోనులో కామెంటరీ బెంగాలీలో వుంది, మలయాళంలో వుంది, తమిళంలో వుంది. తెలుగులో మాత్రం లేదు. మన కుర్రాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. "మనోళ్ళు సూడరనుకున్నరేమో అన్నా" అన్నాడొకడు.

ఆ మధ్య ఒక రాత్రి అసలు గొడవ వచ్చింది. మ్యాచి ఆఖరి నిమిషాలు. కార్నర్ కిక్. బంతి గాల్లోకి లేచింది... బొమ్మ అగ్గిపెట్టంత అయిపోయింది! చుట్టూ ఒక అందాలతార నవ్వుతూ సబ్బు రుద్దుకుంటోంది. ఆ అగ్గిపెట్టెలో ఎవరో గెంతుతున్నారు. గోలు పడిందని అర్థమయింది. ఎవరు కొట్టారో, తలతోనా కాలితోనా, ఎవరికీ తెలీదు. ఛానల్ పేరు ఎందుకులెండి!

బెంచీమీద బెంగాలీ కుర్రాడు లేచి నిలబడ్డాడు. వచ్చీరాని తెలుగులో, "ఆట మధ్యలో చూపించిన సామాన్ మనం కొనొద్దు. ఒక నెల. బస్!" అన్నాడు. అందరూ చప్పట్లు! యాడ్ రాగానే సౌండు బంద్, ఆ వస్తువు పేరు గోడమీద బొగ్గుతో రాయడం... నిమిషాల్లో చట్టాలు తయారయ్యాయి. సినిమాల్లో కార్మికులు పిడికిళ్ళు బిగించే సీను గుర్తొచ్చింది నాకు.

కానీ సినిమాకీ జీవితానికీ తేడా మర్నాడే తెలిసింది. గోడమీద రెండో పేరు కూల్‌డ్రింకుది. ఆ కూల్‌డ్రింకు కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్జే హోటల్లో వుంది! హోటల్ కాక చేతులు కట్టుకుని అడిగాడు: "మీ కోపం టీవీవాని మీదనా, నా ఫ్రిజ్జు మీదనా? వాడు బొంబాయిల ఉంటడు. నేను గీడ దొరికిన. గందుకని నన్నే కొడ్తరా?"

ఎవరూ మాట్లాడలేదు. ఇంతలో మూలనుంచి ఇంకో కుర్రాడు మెల్లగా, "అన్నా, ఆ సబ్బుకు అట్టడబ్బాలు చేసేది మా షెడ్డులనే. అమ్ముడు తగ్గితే ముందుగాల మా ఓటీ బంద్ అయితది" అన్నాడు.

చూశారా చిక్కు! పారిశ్రామికవాడలో వుండి ప్రకటనని బహిష్కరించడమంటే, ఎదురుగా వున్నవాణ్ణి కొట్టబోయి మన చెంపమీదే కొట్టుకోవడం! పైగా టీవీ లెక్కల్లో మా హోటల్ లేనేలేదు. ప్రేక్షకుల లెక్క తీసే బార్క్ సంస్థ మీటర్లు ఎంపికచేసిన కొన్ని వేల ఇళ్ళలోనే వుంటాయి. మీటరు లేని టీవీ ముందు వందమంది కళ్ళు మూసుకున్నా, కళ్ళు తెరిచినా ఆ లెక్క మారదు. ఫోను సంగతి వేరు. అక్కడ ప్రతి చూపూ లెక్కలోకి వస్తుంది.

అయితే ఇలాంటి పోరాటాలు ఎక్కడా నెగ్గలేదా? భేషుగ్గా నెగ్గాయి!

2020 అక్టోబర్‌లో, కోవిడ్ వల్ల ఇంగ్లండులో స్టేడియంలు మూసివున్న రోజుల్లో, కొన్ని ప్రీమియర్ లీగ్ మ్యాచిలకి ఒక్కోదానికి 14.95 పౌండ్లు అదనంగా కట్టమన్నారు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో దాదాపు 1,400 రూపాయలు! అభిమానులు కట్టలేదు. ఊరికే మానేసి కూర్చోనూ లేదు. న్యూకాసిల్ అభిమానులు ఆ డబ్బుని ఊళ్ళో పేదలకి తిండి పెట్టే ఫుడ్ బ్యాంకుకి ఇచ్చారు. ఒక్క మ్యాచికి ఇరవై వేల పౌండ్ల దాకా పోగయింది! మిగతా క్లబ్బులవాళ్ళూ అదే దారి పట్టారు. నవంబర్‌లో ఆ పద్ధతి ఎత్తేశారు.

జర్మనీలో మరీ తమాషా. టీవీ కోసమని మ్యాచిలు సోమవారం రాత్రి పెట్టారు. మర్నాడు పనికి పోవలసినవాడు దూరపు ఊరికి ఎలా వెళ్ళొస్తాడు? 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటని ఆపేశారు. 2021-22 నుంచి బుందెస్‌లీగాలో సోమవారం మ్యాచిలు రద్దయిపోయాయి!

మన దగ్గర చట్టం లేదా అంటే, వుంది. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వుండరాదని కేబుల్ టీవీ నిబంధనలే చెబుతాయి. 2013లో ట్రాయ్ దాన్ని గట్టిగా అమలు చేయబోతే ఛానళ్ళు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. సినిమాహాలు విషయంలోనూ అంతే. బొమ్మకి ముందు దాదాపు 25 నిమిషాలు యాడ్లు వేశారని బెంగళూరులో ఒకాయన కేసు వేస్తే, 2025 ఫిబ్రవరిలో వినియోగదారుల కమిషన్ ఆయనకి పరిహారం ఇవ్వమంది. మార్చిలో కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది.

సరే, ఇక్కడే నా మనసులో ఇంకో ముల్లు వుంది.

హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాల్ రాజధాని. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ మన సిటీ పోలీసు జట్టుదే. ఆ జట్టుని తీర్చిదిద్దిన రహీం సాబ్ 1951లోనూ, 1962లోనూ భారతదేశానికి ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిపెట్టాడు. 2024లో వచ్చిన 'మైదాన్'లో అజయ్ దేవ్‌గణ్ వేసింది ఆ పాత్రే. ఆ సినిమా చూసి, "ఈయన మన హైదరాబాదా?" అని ఆశ్చర్యపోయిన తెలుగు కుర్రాళ్ళని నేనెరుగుదును!

మళ్ళీ 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళని ఓడించి ఐఎస్ఎల్ కప్ గెలిచింది. గచ్చిబౌలి స్టేడియం పటాన్‌చెరుకి ఎంత దూరం? షిఫ్టు మార్చుకుని మరీ వెళ్ళేవాళ్ళం. ఆ క్లబ్బు ఏమయింది? అప్పుల్లో పడింది, చేతులు మారింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారిపోయింది! అదే యేడు నవంబర్‌లో లీగ్ వాణిజ్య హక్కులకి టెండరు పిలిస్తే ఒక్కడంటే ఒక్కడు రాలేదు.

కాబట్టి ఆలోచించండి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ కొవ్వెక్కిన ఏనుగు. నాలుగు రోజులు మేత మానిపిస్తే దారికొస్తుంది. మన దగ్గర అది బక్కచిక్కిన దూడ. దాని ముందునుంచి గడ్డి లాగేస్తే బతుకుతుందా? ప్రకటన లేనిదే టీవీ రాదు, టీవీ రానిదే జట్టుకి జీతాలు లేవు. ఆ అందాలతార సబ్బు రుద్దుకుంటేనే అక్కడ గోల్‌కీపరు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది!

మరి నోరు మూసుకోవాలా? అక్కర్లేదు. మా బెంచీలవాళ్ళు వారం రోజులు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. హాఫ్‌టైంలో ఎన్ని యాడ్లయినా వేసుకో, చూస్తాం. అది నీ ఇంటర్వెల్. బంతి కదులుతూండగా తెరని కత్తిరిస్తే మాత్రం వూరుకోం. అలా వచ్చిన వస్తువు పేరు రాసుకుని, ఆ కంపెనీకే ఉత్తరం వేస్తాం. ఛానల్‌కి కాదు సుమా, దానికి డబ్బిచ్చేవాడికి! "అయ్యా, మీ సబ్బు వల్ల మాకు గోలు పోయింది. మీ పేరు వింటే మాకు గుర్తొచ్చేది శుభ్రత కాదు, ఆ పోయిన గోలే" అని. మొదటి ఉత్తరం నాచేతే రాయించారు. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. జవాబు రాలేదు. రెండోదీ రాశాం.

కాక ఫ్రిజ్జుకి ఢోకా లేదు. అట్టడబ్బాల కుర్రాడి ఓటీకీ ఢోకా లేదు. మ్యాచి మ్యాచికీ తలా పది రూపాయలు ఒక డబ్బాలో వేస్తున్నారు. అది న్యూకాసిల్ కథ విన్నాక వచ్చిన ఆలోచన. మొన్న ఆ డబ్బుతో బంతి కొని, లేబర్ క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో ఆడుకునే పిల్లలకి ఇచ్చారు. అంతకుముందు వాళ్ళు గుడ్డలు కుక్కిన బంతితో ఆడేవారు.

ఇదంతా ఇంత శ్రమపడి ఎందుకు చెబుతున్నానంటారా? 2025 డిసెంబర్‌లో ఫిఫా ఒక మాట ప్రకటించింది. 2026 ప్రపంచకప్‌లో ఎండ వున్నా లేకపోయినా ప్రతి మ్యాచిలో, ప్రతి హాఫ్‌లో, మూడు నిమిషాలు నీళ్ళు తాగడానికి విరామం అని! ఆటగాళ్ళకి దాహం వేస్తుంది నిజమే. కానీ ఆ మూడు నిమిషాలు చూచి ప్రకటనలవాళ్ళకి అంతకన్నా ఎక్కువ దాహం వేస్తుంది! రెండు సగాల ఆట నాలుగు ముక్కలయింది. ఒక ఇంటర్వెల్ వున్న సినిమాకి మూడు ఇంటర్వెల్స్ పెట్టినట్టన్నమాట.

నాకు ఆ విరామం మీద పేచీ లేదు. ఆగినప్పుడు అమ్ముకోండి, ఆడుతున్నప్పుడు చూడనివ్వండి! మేం అడిగేది అంతే. సినిమాకి బెంచీ టికెట్టు కొన్నవాడికైనా తెర మొత్తం కనిపిస్తుంది గదా. మీ ఇంట్లోనూ ఎప్పుడైనా బొమ్మ అగ్గిపెట్టెలో దూరితే, ఆ వస్తువు పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నెలాఖరుకి ఆ కంపెనీకి ఒక్క ఉత్తరం ముక్క వేయండి. మా మూడో ఉత్తరానికి తోడుగా వుంటుంది!