ఏడుకి ఒక్క మార్కే!

కేన్సర్ నయమైన ఇంట్లో సంతోషం వెనకే ఓ ప్రశ్నా అడుగుపెడుతుంది... ‘మళ్లీ వస్తుందా?’ అని. అవునో కాదో చెప్పడానికి వైద్యంలో జ్యోతిషం లేదు. ఉన్నదల్లా లెక్కే. ఆ లెక్క నాకు తెలిసింది మా మావయ్య వల్ల.

మావయ్యది వశిష్ఠ గోదావరి ఒడ్డున దిండి. కొబ్బరి రైతు. అజీర్తి అని వెళ్తే జీర్ణాశయంలో కేన్సర్ తొలిదశలో ఉందన్నారు. పొట్ట కోయకుండా, నోట్లోంచి ఎండోస్కోపీ గొట్టం పంపి, గడ్డ ఉన్నచోట లోపలి పొరని చెక్కి తీసేశారు. జపాన్ వైద్యులు 1990ల చివర్లో రూపొందించిన పద్ధతి ఇది.

తీసిన ముక్కని పరీక్షించాక ‘పూర్తిగా నయం’ అని చెప్పలేకపోతే మార్కులు వేస్తారు. గడ్డ 3 సెంటీమీటర్లు దాటితే 1. పొర కిందికి అర మిల్లీమీటరో ఆపైనో దిగితే 1. ముక్క అడుగు అంచున కేన్సర్ కణాలుంటే 1. సిరల్లోకి చేరితే 1. లింఫు నాళాల్లోకి చేరితే ఏకంగా 3. మొత్తం 7. 2017లో జపాన్ వైద్యులు ప్రచురించిన ఈ లెక్కలో- 0, 1 వచ్చినవాళ్లలో లింఫు గ్రంథులకి కేన్సర్ పాకింది నూటికి రెండున్నర మందికే. 5 నుంచి 7 వచ్చినవాళ్లలో దాదాపు 23 మందికి!

మావయ్యకి వచ్చింది 1. ‘ఇంత తక్కువ మార్కులకి సంతోషించడం ఇదే మొదటిసారిరా’ అని నవ్వాడు. ఏడాది తిరిగాక పరీక్షకి రమ్మంటే మాత్రం ‘నొప్పీ లేదు, మంటా లేదు. చించినాడ వంతెన దాటి, పాలకొల్లులో రైలెక్కి, హైదరాబాద్ దాకా దేనికిరా?’ అన్నాడు.

నిజానికి ఆ మార్కులు చెప్పేది తీసేసిన గడ్డ గురించే. మరి మిగిలిన జీర్ణాశయం? చాలామందిలో ఈ కేన్సర్‌కి మూలమైన హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి దెబ్బతీసిన పొర అక్కడే ఉంటుంది. జపాన్‌లో ఇలాంటి చికిత్స పొందిన 544 మందిని రెండు సమాన బృందాలుగా చేసి మూడేళ్లు గమనించారు. బ్యాక్టీరియాకి మందులిచ్చినవాళ్లలో 9 మందికి, ఇవ్వనివాళ్లలో 24 మందికి కొత్తగా కేన్సర్ వచ్చిందని 2008లో వెల్లడించారు. అంటే, మందులు ముప్పుని తగ్గిస్తాయి... తుడిచెయ్యవు.

ఈ అంకెలకి మావయ్య కదల్లేదు. అత్తయ్య ఒక్కటే అడిగింది. ‘కొమ్ము పురుగుని చువ్వతో లాగేశాక, ఆ చెట్టు మొవ్వు మళ్లీ చూసుకోరా మీరు?’ మర్నాడే టికెట్లు తీయించాడు.

కొత్తది వచ్చినా చిన్నగా ఉన్నప్పుడే కనిపిస్తే మళ్లీ కోత లేకుండానే తీసే వీలుంటుంది. ముదిరాక ఉండదు. అందుకే, మీ ఇంట్లో ఇలాంటి చికిత్స చేయించుకున్నవాళ్లుంటే ముక్క పరీక్ష రిపోర్టు భద్రంగా దాచండి. బ్యాక్టీరియా పోయిందో లేదో డాక్టర్‌ని అడగండి. తర్వాతి ఎండోస్కోపీ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి... పెళ్లి ముహూర్తం రాసుకున్నట్టే!