ముందు ఇంటికి, తర్వాత సంతకి

తిరుపతి నుంచి చెన్నై పోయేవాళ్లకు వడమాలపేట అంటే టోల్‌గేటే. రేణిగుంట దాటాక, పుత్తూరు ఇంకా రాకముందు, బండి ఓ నిమిషం ఆగి ముందుకు కదులుతుంది. ఆ రోడ్డు వదిలి లోపలి పల్లెల్లోకి దిగితే కొండలు దగ్గరికొస్తాయి. సంక్రాంతి వెళ్లిన వారం కావడంతో చెరువుల్లో నీళ్లున్నాయి, కంచెల మీద అనపతీగ విరగకాసి ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్యపు వానే ఇక్కడి మట్టికి పెద్ద దిక్కు.

తిరుపతిలో మిద్దె మీద కూరగాయలు పెంచుకునే కొందరు ఆడవాళ్లం కలిసి వెళ్లాం. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న ఒక మహిళా సంఘం పెరటి మడులు చూడాలని మా ఆలోచన. సంఘం లీడరు మమ్మల్ని మడి దగ్గరికి తీసుకుపోకముందే ఒక ప్రశ్న వేసింది.

"వారానికి ఎన్ని రకాల కూరగాయలు కొంటారక్కా మీరు?"

టమాట, వంకాయ, బెండ, బీన్స్, క్యారెట్, ఉర్లగడ్డ. అంతకుమించి పేర్లు మా నోట రాలేదు. ఆమె తన పెరటి వైపు చెయ్యి చూపించింది. మూడు సెంట్ల జాగా. తోటకూర, చుక్కకూర, గోంగూర, మెంతికూర పక్కపక్కనే చిన్న చిన్న మడుల్లో ఉన్నాయి. పందిరి మీద సొర, బీర. కంచెకు కాకర, చిక్కుడు, అనప. అంట్లు తోమిన నీళ్లు పారేచోట రెండు అరటి చెట్లు, ఆ చెమ్మలోనే చామ. ఒక మూల మునగ, ఇంకో మూల బొప్పాయి. గట్ల వెంట బంతి, జొన్న. మడి మధ్యలో తనంతట తాను మొలిచిన చెంచలాకును కూడా ఆమె పీకెయ్యలేదు. "ముందు దీన్ని కలుపని పారేస్తా ఉంటిమి. ఇప్పుడు పప్పులో ఏస్తా ఉండాం" అంది.

ఆమెకు ఈ మూడు సెంట్లు తప్ప కయ్యా లేదు, చేనూ లేదు. కూలికి పోతుంది. ఇంటి వెనక రాళ్లు, ప్లాస్టిక్ కవర్లు పేరుకుపోయిన చోటును సంఘంలో ఆడవాళ్లంతా వంతులవారీగా వచ్చి బాగుచేసుకున్నారు. ఈరోజు ఒకరి పెరడు, రేపు ఇంకొకరిది. మడి కట్టడం కంటే ఈ వంతుల పద్ధతే నాకు గొప్పగా అనిపించింది. ఒంటరిగా మొదలుపెట్టిన మిద్దెతోటలు ఒక్క ఎండాకాలానికే మూతపడటం మా వీధిలోనే చూశాను. నీళ్లు పోసేవాళ్లు ఊరెళితే తోట ఎండిపోతుంది. ఇక్కడ ఎవరైనా పెళ్లికో పేరంటానికో పోతే పక్కింటి ఆమె చూసుకుంటుంది.

అప్పటికప్పుడు పుట్టిన ఐకమత్యం కాదిది. 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించేదాకా పోయింది. ఆ ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపు సంఘాలు కట్టుకున్నారు. 2004 తర్వాత పురుగుమందులు లేని సేద్యాన్ని ఈ సంఘాల ద్వారానే పల్లెలకు తెచ్చారు. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2015-16లో ప్రకృతి వ్యవసాయం మొదలైనప్పుడూ ఆధారం ఈ సంఘాలే. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి ఆంధ్రప్రదేశ్ కార్యక్రమానికి వచ్చినప్పుడు పత్రికలు ఆవుపేడ గురించి, కషాయాల గురించి రాశాయి. సంఘం అనే పునాది గురించి ఇంకా ఎక్కువ రాయాల్సింది.

అయినా పేడ సంగతీ చెప్పాలి. పశువుల కొట్టం నీడలో నీలం డ్రమ్ము ఉంది. ద్రవ జీవామృతం కలిపిన రెండో రోజు అది. రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల నాటు ఆవు పేడ, దాదాపు అంతే పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, ఎరువులూ మందులూ తగలని గట్టు మీది గుప్పెడు మన్ను. నీడలో ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో కుడివైపుకు తిప్పుతారు. బెల్లం, పిండి తిని పేడలోని సూక్ష్మజీవులు లెక్కకు అందనంతగా పెరుగుతాయి. నలభై ఎనిమిది గంటలకు మూత తీస్తే పులిసిన వాసన వస్తుంది, దుర్వాసన కాదు. ఆ నీళ్లు మొక్కకు నేరుగా తిండి కాదు. మట్టిలో ఉన్నదాన్ని మొక్కకు అందించే జీవాలకు అది బలం. దాంతోపాటు నేల మీద ఎప్పుడూ ఆకో, గడ్డో కప్పి ఉండాలి. లేకపోతే ఈ ఎండలకు ఆ జీవాలు బతకవు. మిద్దె మీద కుండీల్లో మట్టిని బోడిగా వదిలేసే మాకు ఇది వెంటనే పనికొచ్చే పాఠం.

ఆవు లేనివాళ్ల సంగతి ఏమిటని అడిగాను. పేడ ఒకరింటి నుంచి, పంచితం ఇంకొకరింటి నుంచి వస్తాయట. పేనుబంక పడితే వేపాకుతో చేసే నీమాస్త్రం కూడా అందరికీ కలిపి ఒకేచోట తయారుచేస్తారు. ఈ సేద్యం మొదట్లో పెట్టుబడి లేని సేద్యంగా పేరుపడింది. విత్తనం, ఎరువు, మందు కొనకపోవచ్చు గానీ డ్రమ్ము తిప్పేది, ఆకు దూసేది, గడ్డి కప్పేది ఎక్కువగా ఆడవాళ్లే. కూలికి పోయొచ్చి, వంట చేసి, ఆపైన ఈ పని. ఆ గంటలను లెక్కలో వేయకుండా ఖర్చు తగ్గిందని మురిసిపోవడం నాకు సరైన పనిగా తోచదు. లీడరుతో ఆ మాటే అంటే ఆమె కాదనలేదు. "నిజమే అక్కా. మొగోళ్లు డ్రమ్ము మోసిస్తారు, అంతే" అని నవ్వింది.

మరి ఇంత కష్టం ఎందుకంటే, కారణం కంచంలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నలుగురున్న ఇంటికి అది కిలోన్నర పైమాటే. రోజూ అంత కొనే స్తోమత కూలి ఇంటికి ఎక్కడిది? సంతలో రేటు చూసి వెనక్కి తిరిగితే ఆ పూటకు చింతపండు చారే గతి. పెరట్లో గోంగూర ఉంటే రేటుతో పనిలేదు. అందుకే ఈ సంఘం ఒక నియమం పెట్టుకుంది. కోసినదాంట్లో ముందు ఇంటికి, తర్వాత బాలింతలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లకు, మిగిలితే సంతకి. అమ్మకం కోసమే మొదలైన సేద్యం రేటు పడిపోయిన రోజున మళ్లీ యూరియా బస్తా దగ్గరికి పోతుంది. ఇంటి కంచంతో ముడిపడిన సేద్యం అంత తేలిగ్గా వెనక్కి పోదు. ఆ పెరట్లో నిలబడ్డాక నాకు కలిగిన గట్టి నమ్మకం ఇది.

ఇంటి తిండి కోసం తోటలు వేసుకోవడం ప్రపంచంలో మరోచోటా జరిగింది. 1991లో సోవియట్ యూనియన్ కూలి, క్యూబాకు చమురు, ఎరువులు రావడం ఆగిపోయినప్పుడు హవానా ప్రజలు ఖాళీ స్థలాల్లో కూరగాయలు వేశారు. ఆకలి నేర్పిన తోటలవి. మన దగ్గర కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివార్లలో తన ఇంటిమీద మిద్దెతోట పెంచి, ఎందరికో ఆ దారి చూపారు. తిరుపతిలోనూ మిద్దెలకు కొదవ లేదు. మాకు లేనిది ఇక్కడున్న వంతుల పద్ధతి, విత్తనాల పెట్టె.

ఆ పెట్టె చూడాల్సిందే. బూడిద కలిపిన విత్తనాలు సీసాల్లో, ఎండిన సొరబుర్రల్లో ఉన్నాయి. నాటు బెండ, ముళ్ల వంగ, ఎర్ర తోటకూర, అలసంద, అనప. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక రెండింతలు తిరిగివ్వాలి. చేనున్నవాళ్లు తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతారు. జొన్న, సజ్జ, కంది, పెసర, ఉలవ, నువ్వు, ఆముదం, జనుము లాంటివన్నీ కలిపి, బంకమట్టి, జీవామృతం పట్టించి, చల్లాక పైన గడ్డి కప్పుతారు. చిన్న జల్లు పడినా మొలుస్తాయి. అసలు పంట వేసేసరికి నేల పచ్చగా ఉంటుంది. దానికి కావలసిన విత్తనంలో కొంత ఈ పెట్టె నుంచే పోతుందట.

మధ్యాహ్నం రాగి సంగటి, పితికిన పప్పు, పెరటి వంకాయ వేపుడు పెట్టారు. తిని లేచాక, వాళ్ల కూరలు మా వీధికి పంపడం గురించి అసలు బేరం మొదలైంది. తిరుమల శ్రీవారి నైవేద్యానికి 2021లో ప్రకృతి వ్యవసాయపు బియ్యం వాడటం మొదలుపెట్టారు. అలాంటి పెద్ద కొనుగోలు బియ్యానికి, పప్పులకు సాయపడుతుంది. రెండు కట్టల చుక్కకూరకు, నాలుగు సొరకాయలకు కావలసింది తిరుపతిలో నమ్మకంగా కొనే వీధి. మా వీధిలో కొన్ని ఇళ్లు ప్రతి ఆదివారం తీసుకుంటాయని చెప్పాం.

లీడరు వెంటనే ఒప్పుకోలేదు. సంఘంలోవాళ్లను పక్కకు పిలిచి మాట్లాడి వచ్చింది. వాళ్ల షరతులు ఇవి. మేము రాసిచ్చిన జాబితా ప్రకారం పంపరు, ఆ వారం మడిలో ఏది ఉంటే అది వస్తుంది. సంతలో రేటు పడిపోయినా మేము ఇచ్చే రేటు తగ్గకూడదు, పెరిగితే వాళ్లూ పెంచరు. పుచ్చు కనబడిందని వంకాయ వెనక్కి పంపకూడదు, ఆ ముక్క కోసేసి వండుకోవాలి. ఏ ఇంట్లోనైనా బాలింత ఉండి కూర చాలకపోతే ఆ వారం మాకు తక్కువ వస్తుంది, అడగకూడదు.

అన్నిటికీ ఒప్పుకున్నాం. మొదటి ఆదివారం సంచుల్లో ఎక్కువగా అనపకాయలే వచ్చాయి. వాటిని పితికి పప్పు తీయడం వీధిలో చాలామందికి రాదు. తెలిసిన ఒక పెద్దామె వరండాలో అందరినీ కూర్చోబెట్టి నేర్పిస్తోంది.