కిన్నెరసాని నీళ్ళు, గాజు తొట్టె చేపలు

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్ళే దారి సుమారు 120 కిలోమీటర్లు. ముందు పత్తి, మిరప చేలు, మామిడి తోటలు. తరువాత సింగరేణి బొగ్గు, పాల్వంచ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు. ఆ పొగగొట్టాలకు అంత చేరువలోనే అడవి మొదలవుతుందని కొత్తవారు ఊహించలేరు. పాల్వంచకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో కిన్నెరసాని జలాశయం, దాని చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉన్నాయి. తాడ్వాయి అడవుల వైపు పుట్టిన ఈ ఏరు బూర్గంపాడు సమీపంలో గోదావరిలో కలుస్తుంది. విద్యుత్ కేంద్రానికి నీరిచ్చేది కూడా ఇదే. మన ఇళ్ళలో వెలిగే దీపంలోనూ, అక్వేరియం హీటరులోనూ ఈ ఏటికి కొంత పాలుంది.

జలాశయంలో మొసళ్ళున్నాయి కనుక నీటి అంచుకు వెళ్ళరాదు. కాని దారిలో కల్వర్టుల కింద పారే సన్నని వాగులను రోడ్డు మీద నిలబడి తీరికగా చూడవచ్చు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకులు రాలి, నాని, నీటికి పలుచని తేనీటి రంగునిస్తాయి. ఆ నీటిలో వేలెడంత పరిగెలు గుంపుగా నిలిచి ఉంటాయి. మనిషి నీడ పడగానే గుంపంతా ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. ఆజ్ఞ ఇచ్చే నాయకుడెవరూ కనిపించడు. ప్రతి చేపా తన పక్కనున్న చేపను కంటితో చూస్తూ, ఒంటి పక్కన ఉండే సున్నితమైన గీతతో నీటి కదలికను పసిగడుతూ తన స్థానాన్ని సరిచూసుకుంటుంది. నమాజు సఫ్‌లో భుజం పక్కన భుజం సరిచేసుకోవడం తెలిసినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు. గుంపులో ఉన్న చేపను వేటాడే జీవి గురి చూడలేదు. ఒంటరి చేపకు ఆ రక్షణ లేదు.

అక్కడే మా చిన్నవాడు, "అబ్బాజాన్, వీటిలో నాలుగింటిని మన డిస్కస్‌ల దగ్గరికి తీసుకెళ్దామా?" అని అడిగాడు. అక్వేరియం ఉన్న ఇంటి పిల్లలెవరైనా అడిగే ప్రశ్నే అది. దానికి జవాబు మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు.

మొదటిది చట్టం. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టరాదు. రెండవది డిస్కస్ స్వభావం. పళ్ళెంలా గుండ్రంగా ఉండే ఈ చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతానిది. 1840లో శాస్త్రజ్ఞుడు హెకెల్ దీనిని తొలిసారి వర్ణించాడు. ఇది మందంగా కదులుతుంది, నెమ్మదిగా తింటుంది, అలజడిని భరించదు. పిల్లలు పుట్టిన తొలి వారాల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ తమ చర్మం మీద ఊరే జిగురునే వాటికి ఆహారంగా ఇస్తారు. పాలిచ్చే జంతువు కాని ఒక చేపకు ఇలాంటి వాత్సల్యాన్ని నేర్పినవాడు అల్లాహ్. ఇంత సున్నితమైన చేప సరసన చురుకైన పరిగెలను వదిలితే మేత అంతా అవే ముందు తినేస్తాయి. వాగు చేపల ఒంటి మీద వచ్చే పరాన్నజీవులు తొట్టెకంతటికీ అంటుకోవచ్చు.

మరి డిస్కస్‌లకు తోడుగా చిన్న చేపలే ఉండకూడదా? ఉండవచ్చు. అసలు చిన్న చేపల గుంపు నిశ్చింతగా తిరుగుతుంటే డిస్కస్‌లు కూడా బెదురు మాని ముందుకు వస్తాయి. అయితే వాటిని ఎంచుకునేటప్పుడు నీటి వేడిని ముందుగా చూడాలి. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే నియాన్ టెట్రాకు అంత వేడి పడదు. దానిలాగే కనిపించే కార్డినల్ టెట్రా మాత్రం బ్రెజిల్‌లోని రియో నీగ్రో వంటి వెచ్చని నల్లనీటి నదులది కనుక ఇమిడిపోతుంది. ఎర్రముక్కు టెట్రా కూడా అలాంటిదే. నీరు చెడితే దాని ముక్కు ఎరుపు వెలిసిపోతుంది. ఇంటివారికి అది ముందస్తు హెచ్చరిక. టైగర్ బార్బ్ వంటివి రెక్కలు కొరుకుతాయి కనుక వాటిని దూరంగా ఉంచాలి.

సంఖ్య విషయంలో వాగు చెప్పే పాఠాన్నే పాటించాలి. అందం కోసం రెండో మూడో టెట్రాలను తెచ్చి వదలడం వాటికి శిక్షే. పది పన్నెండుకు తగ్గకుండా ఉంటేనే అవి గుంపుగా మెలగుతాయి. బాగా ఎదిగినవే తేవాలి. మరీ చిన్నవైతే పెద్ద డిస్కస్ నోటికి అందుతాయి. తెచ్చిన వెంటనే కలపకుండా మూడు, నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి చూడాలి. ఒక్కో పెద్ద డిస్కస్‌కు సుమారు 40 లీటర్ల నీరు లెక్క వేసుకుంటే, ఐదారు చేపలకూ ఒక గుంపుకూ 250 లీటర్లకు తక్కువ తొట్టె ఇరుకే.

మన ఖమ్మం, కొత్తగూడెం వాతావరణం మరో పరీక్ష. చలికాలపు రాత్రి నీరు చల్లబడితే హీటరు కావాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు కష్టం తలకిందులవుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ సమయంలో కరెంటు పోతే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు లేకుండా ఈ జిల్లాలో డిస్కస్ పెంచడం సాహసమే. వారం వారం కొంత నీరు మార్చాలి. మార్చే నీటిలో క్లోరిన్ ఉండకూడదు. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే నీటికి ఆ తేనీటి రంగు వస్తుంది. బాదం చెట్టు ఈ అడవి మద్ది చెట్లకు దగ్గరి చుట్టమే.

వీటన్నిటికీ ఓపిక, ఖర్చు ఉన్నవారే తొట్టె పెట్టుకోవాలి. ఇది కేవలం ఇంటి అలంకరణ విషయం కాదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) ఆ పసివాడిని దాని గురించి ఆప్యాయంగా పలకరించేవారు. ఇంట్లో ప్రాణిని పెంచుకోవడం ధర్మసమ్మతమేనని పండితులు ఈ హదీసు ఆధారంగా చెప్పారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిననీయక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించిన హదీసు కూడా బుఖారీ, ముస్లిం గ్రంథాలలోనే ఉంది. ఈ రెంటినీ కలిపి చదువుకోవాలి. తొట్టెలోని చేప తన మేత తాను వెతుక్కోలేదు, చెడిన నీటిని విడిచి పోలేదు. కనుక అది మన చేతిలోని అమానతు. భూమి మీది జంతువులూ ఆకాశంలోని పక్షులూ మనలాంటి సమాజాలేనని అన్‌ఆమ్ సూరా 38వ వాక్యం బోధిస్తుంది. వాగులోని ఆ గుంపును చూసినవారికి సమాజం అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు.

ఈ అమానతుకు మరొక కోణం ఉంది. తొట్టె నిర్వహించలేక విసిగిపోయినవారు "పాపం, స్వేచ్ఛగా బతుకుతాయి" అనుకుని చేపలను చెరువులోనో వాగులోనో వదులుతారు. జాలితో చేసినా అది హాని. అద్దం శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప సంగతే చూడండి. అదీ దక్షిణ అమెరికాదే. తొట్టెలో ఉంటే రాత్రివేళ డిస్కస్ పక్కలకు అతుక్కుని చర్మపు జిగురును గీకుతుంది. బయటి నీటిలో పడితే మొండిగా పెరిగి, ఒంటి మీది ముళ్ళతో జాలర్ల వలలు చింపుతుంది. తెలుగు రాష్ట్రాల నీటి వనరుల్లో ఇప్పటికే వ్యాపించి, దెయ్యపు చేప అని పేరు తెచ్చుకుంది. అడవి అంచున కోయ కుటుంబాలు కూరకు పట్టుకునే పరిగెలకూ, గోదావరి జాలరి వలలో పడే బొచ్చెకూ రేపు చోటు లేకుండా చేసే హక్కు మనకెవరిచ్చారు? అల్లాహ్ ఏర్పరచిన తూకాన్ని చెడగొట్టడానికి పెద్ద కర్మాగారమే అక్కరలేదు. ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చి వదిలిన నాలుగు చేపలు చాలు.

పిల్లవాడికి ఇదంతా ఒక్క పూటలో చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో కొంత, ఇంటికి వచ్చాక నీళ్ళు మారుస్తూ కొంత. పెంచలేని రోజు వస్తే చేపలను దుకాణానికో, పెంచగల మరొకరికో అప్పగించాలి గాని ఏ నీటిలోనూ వదలరాదు. చనిపోయిన చేపను మట్టిలో పాతిపెట్టాలి. తొట్టె నుంచి తీసిన నీటిలో నత్త గుడ్లు, పరాయి నాచు ముక్కలు ఉంటాయి కనుక దానిని కాలువలో పోయకూడదు. ఆ నీరు మొక్కలకు మంచి ఎరువు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఉదయం ఆ బకెట్టును మల్లెపాదు దాకా మోసేది వాడే.