కొండెక్కని దీపం

బరంపురంలో పుట్టి పెరిగిన మావంటి తెలుగు కుటుంబాలకు తప్తపాణి కొత్త చోటేమీ కాదు. వూరికి సుమారు 50 కిలోమీటర్లు. దిగపహండి దాటాక పొలాలు వెనకబడి, అడవి మొదలై, రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. పైన గంధకపు వాసనతో వేడినీటి బుగ్గ, దగ్గరలోనే కంధుణీదేవి గుడి. ఆ నీళ్ళలో ఒక్కసారి మోకాళ్ళు తడుపుకుంటే చాలునని మాఘమాసం వచ్చింది మొదలు మా అమ్మ పోరుపెట్టింది. ఒక ఆదివారం తెల్లవారగానే అమ్మనూ అక్కయ్యనూ ఎక్కించుకుని బయలుదేరాను.

కారుకు పదేళ్ళు దాటాయి. గోపాలపూర్ సముద్రపుటొడ్డున నా వుద్యోగం. రోజూ అందులోనే రాకపోకలు. రెండు వారాలుగా బజారులో మెల్లగా ఆపినప్పుడల్లా బ్రేకు పెడలు కాలి క్రింద గుర్రుమని వణుకుతోంది. పాత బండికి ఆమాత్రం వుండదా అని పోనిచ్చాను. తప్పంతా అక్కడే వుంది.

దిగపహండి దాటిన కాసేపటికి ఎదుట పలకలో పసుపుపచ్చని దీపం ఒకటి వెలిగింది, అందులో ఏ.బి.ఎస్. అనే అక్షరాలు.

"పట్టపగలు దీపమేమిట్రా?" అంది అక్కయ్య.

"దీపం వెలిగితే శుభమే కదా, పోనీరా" అంది అమ్మ.

ఆ దీపం సంగతి కాస్త చెప్పాలి. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. అప్పుడు స్టీరింగు త్రిప్పినా మాట వినదు. అలా కాకుండా చూసేదే ఏ.బి.ఎస్. ప్రతి చక్రం దగ్గరా పళ్ళచక్రం వంటి రింగు, దానికి ఎదురుగా సెన్సరు వుంటాయి. సెన్సరు ఆ పళ్ళు లెక్కపెట్టి చక్రం వేగం చెబుతుంది. ఏ చక్రమైనా బిగుసుకోబోతే సెకనుకు చాలాసార్లు పట్టు వదిలి మళ్ళీ పడుతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి. నా బండికి ముందునుంచే వుంది.

బండి తాళం త్రిప్పగానే ఈ దీపం రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా లోపమే, ఆరకపోయినా లోపమే. దీనితోపాటు ఎర్రని బ్రేకు దీపం కూడా వెలిగితే ఇక ఒక్క అడుగు కూడా నడపరాదు.

ప్రక్కన ఆపి చూశాను. ఎర్రదీపం లేదు. బ్రేకు ఆయిలు రెండు గీతల మధ్యనే వుంది. పెడలు గట్టిగానే వుంది. అంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, జారకుండా కాచే కాపు మాత్రం లేదు. వెనక్కు తిరగడమే వివేకం. కాని అమ్మ ముఖం చూసి, రోడ్డు పొడిగా వున్నది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకుని, నెమ్మదిగా కొండెక్కించాను.

స్నానమైంది, దర్శనమైంది. అమ్మ ముఖంలో వెలుగు చూసి నేను చేసినది మంచిపనే అనుకున్నాను. దిగేటప్పుడు మూడో మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. గట్టిగా తొక్కాను. చక్రాలు కీచుమని బిగుసుకున్నాయి, బండి వున్నపళాన ముందుకు జారింది, చేతిలో స్టీరింగు వున్నా లేనట్టే. చివరి మేకకు రెండు గజాల దూరంలో ఆగింది. ఎవరమూ మాట్లాడలేదు. ఎడమవైపు లోయ. ఆనాటి నా పని ధైర్యం కాదని అప్పుడే తెలిసింది. మిగిలిన దారి అంతా రెండో గేరులో, నడకకు కాస్త ఎక్కువగా వచ్చాం.

మర్నాడు పెద్ద వర్కుషాపుకు తీసుకువెళ్ళాను. యంత్రం తగిలించి, ముందు ఎడమ చక్రం సెన్సరు అని చెప్పి, కొత్తది వేశారు. రెండో రోజుకు దీపం మళ్ళీ వెలిగింది. "అయితే మొత్తం యూనిట్టే మార్చాలండి" అన్నారు. వారు చెప్పిన ధర విని నీళ్ళు నమిలి ఇంటికి వచ్చాను.

పాత బస్టాండు వైపు ఒక మేస్త్రీ వున్నాడు; ఒడియా, తెలుగు రెండూ ఆయనకు ఇంటి భాషలే. బండి ముట్టుకోకముందే అడిగాడు: "దీపం తాళం తిప్పగానే వుందా బాబూ, కదిలాకా?"

"కదిలాకనే."

"అంతకుముందు పెడలు వణికిందా?"

నివ్వెరపోయి ఔనన్నాను.

చిన్న స్కానరు తగిలించి, నన్ను నడపమని తాను ప్రక్కన కూర్చున్నాడు. మూడు చక్రాలు 20 అని చూపుతుంటే నాలుగోది వుండివుండి పడిపోతోంది. తిరిగి వచ్చి జాకీ పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా త్రిప్పి, టార్చి వేసి చూపించాడు. ఇరుసు మీది రింగు క్రింద తుప్పు వుబ్బి, రింగు ఒకచోట పగిలింది. ప్రతి చుట్టుకూ ఆ పగులు దగ్గర లెక్క తప్పి, చక్రం బిగుసుకుందని యంత్రం భ్రమపడింది. అందుకే ఆ వణుకు. చివరకు లోపమున్నదని తెలుసుకుని ఏ.బి.ఎస్. తానే విరమించుకుంది. గోపాలపూర్ వుప్పుగాలి ఇన్నేళ్ళూ చేసిన పని అది.

"యంత్రం చక్రం పేరు చెబుతుంది బాబూ, జబ్బు పేరు చెప్పదు. అది మనమే చూసుకోవాలి" అన్నాడు.

రింగు మార్చడానికి అయినది కొత్త సెన్సరు ఖరీదులో నాలుగో వంతు కూడా లేదు.

తిరిగి చైత్రంలో తప్తపాణికి బయలుదేరాం. తాళం త్రిప్పాను. పసుపుపచ్చని దీపం వెలిగింది. వెనక సీటులోంచి అమ్మ మెడ చాచి చూస్తోంది. ఒకటి, రెండు, మూడు...

"దీపం కొండెక్కిందిరా, ఇక మనల్నీ ఎక్కించు" అంది అమ్మ.