న్యూయార్కు వీధుల్లో పల్లవుల వేట

న్యూయార్కు వెళ్ళినవాడెవడైనా ముందు లిబర్టీ విగ్రహం దగ్గర ఫోటో తీయించుకుంటాడు. నేను మాత్రం మొదటిరోజు హాలిస్, రెండోరోజు బ్రాంక్స్ అని ప్రోగ్రాం వేసుకున్నాను. "అక్కడేముందన్నయ్యా చూడ్డానికి?" అంది క్వీన్స్‌లో ఉంటున్న మా బాబాయి కూతురు. "ఒక వీధి బోర్డూ, ఒక పాత అపార్టుమెంటూ" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, మరేమీ అనకుండా డబ్బాలో పులిహోర పెట్టిచ్చింది.

సంగతేమిటంటే, రాప్ పాటలు వింటున్నప్పుడల్లా నాకొక సందేహం. గుక్క తిప్పుకోకుండా మాటలు దొర్లిపోతుంటాయా, మధ్యలో ఎక్కడో విన్న పాత రాక్ పాట పల్లవి తొంగిచూస్తుంది! ఇది అభిమానమా, అరువా, లేక పట్టపగలు దొంగతనమా? పాట పుట్టిన వీధుల్లోనే తేల్చుకుందామని బయల్దేరాను.

ఎఫ్ రైలు చివరి స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకుంటే హాలిస్ అవెన్యూ. న్యూయార్కనగానే మనకు కళ్ళముందు మెదిలే ఆకాశహర్మ్యాలు ఇక్కడ బొత్తిగా లేవు. పొందికైన ఇళ్ళు, ఇళ్ళముందు మెట్లు, ఇంటికింద నేలమాళిగలు. 205వ వీధి మలుపులో రన్-డి.ఎం.సి. పేరుతో వీధి బోర్డు కనిపించింది. ఆ బృందంలో రికార్డులు తిప్పిన జామ్ మాస్టర్ జే పేరు కూడా అందులో ఉంది. 2002లో ఆయన్ని ఇక్కడికి దగ్గర్లోని స్టూడియోలోనే ఎవరో కాల్చి చంపారు. బోర్డు కింద కాసేపు నిలబడ్డాను.

ఈ కుర్రాళ్ళు చాలాకాలంపాటు ఒక పాత రాక్ రికార్డు పెట్టి, మొదట్లో డ్రమ్ములు మోగే నాలుగు క్షణాల ముక్కనే అటూ ఇటూ తిప్పుతూ దానిమీద తమ మాటలు చెప్పేవారు. పాట మొదలయ్యేలోగా సూది వెనక్కి! అంచేత ఆ పాట పాడిందెవరో కూడా వాళ్ళకి తెలీదు. అట్టమీద ఉన్న ఆల్బం పేరే బృందం పేరనుకున్నారట. అది బోస్టన్ బృందం ఏరోస్మిత్ 1975లో తెచ్చిన 'వాక్ దిస్ వే'. 1986లో నిర్మాత రిక్ రూబిన్ "ముక్క కాదు, మొత్తం పాట పాడండి, మాటలు నేర్చుకోండి" అని రికార్డు చేతికిచ్చాడు. హాలిస్‌లో ఇంటికింద గదిలో కూచుని విన్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పైగా ఒళ్ళు మండింది. ఇదేం పల్లెటూరి గోలరా బాబూ అనుకున్నారు.

ఆ గోలే వాళ్ళని దేశమంతా వినేలా చేసింది. ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెర్రీ స్వయంగా వచ్చి కలిసి పాడారు. మొదటిసారి అమెరికా పట్టికలో పదో స్థానం దాకా వెళ్ళిన పాట, ఈసారి నాలుగో స్థానానికి ఎక్కింది. వీడియో మీరూ చూసే ఉంటారు. పక్కపక్క గదుల్లో రెండు బృందాలు ఒకరి గోలకి ఒకరు విసుక్కుంటూ, చివరికి టైలర్ మైకు స్టాండుతో గోడ పగలగొట్టి తల బయట పెడతాడు! అప్పటికి చతికిలబడి ఉన్న ఏరోస్మిత్‌కి మళ్ళీ ప్రాణం వచ్చింది కూడా ఈ అరువు వల్లే. రచయితలుగా టైలర్, పెర్రీల పేర్లు అలాగే ఉన్నాయి. 'దేవత' (1982)లో బిందెల మధ్య తీసిన పాట 2019లో 'గద్దలకొండ గణేష్'లో మళ్ళీ వచ్చినప్పుడు, నేను చూసిన హాల్లో ముందు ఈల వేసింది కుర్రాళ్ళు కాదు, వాళ్ళ నాన్నలు. అల్లాంటిదే ఇదీను.

అన్నీ ఇల్లా పెళ్ళిభోజనంలా జరగలేదు. బిజ్ మార్కీ అనే సరదా రాపర్ 1972 నాటి గిల్బర్ట్ ఓ సల్లివన్ పాటలోంచి మూడు మాటలూ, కొంచెం సంగీతమూ తీసుకున్నాడు. అనుమతి అడిగాడు గానీ, రాకముందే రికార్డు వదిలేశాడు. 1991లో న్యూయార్కు జడ్జిగారు, దొంగతనం కూడదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు! బిజ్ ఊరుకున్నాడా? 1993లో తన తర్వాతి ఆల్బంకి 'అన్ని ముక్కలకీ అనుమతి ఉంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

మయామీ బృందం 2 లైవ్ క్రూ మరో రకం. రాయ్ ఆర్బిసన్ 1964లో పాడిన 'ఓ ప్రెట్టీ ఉమన్' మొదటి లైను తీసుకుని, తర్వాత దాన్ని వెక్కిరింతగా తిప్పేశారు. డబ్బిస్తామన్నారు, ప్రచురణ సంస్థ కాదంది, అయినా 1989లో విడుదల చేశారు. అయితే అసలు రచయితల పేర్లు అట్టమీద వేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. వెక్కిరించాలంటే ఎవరిని వెక్కిరిస్తున్నామో తెలిసేటంత అరువు తప్పదని 1994లో న్యాయమూర్తులంతా ఒకే మాటగా ఒప్పుకున్నారు.

మనవాళ్ళ ప్రమేయం లేకుండా ఈ కథ పూర్తవుతుందా! 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలిచ్చిన బప్పీలహరి హిందీలో 'జ్యోతి' (1981)కి చేసిన పాటని, లతా మంగేష్కర్ గొంతుతో సహా, 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని రికార్డులో వాడేశారు. ఆయన పేరు వెయ్యకుండా అమ్మడానికి వీల్లేదని 2003లో లాస్ ఏంజెలెస్ కోర్టు ఆపింది. డబ్బు మాట తర్వాత, ముందు పేరు!

నా మటుకు నాకు పాట ఎత్తుకోవడం తప్పనిపించదు. పేరు ఎత్తకపోవడమే తప్పు. ఇది ఊరికే అనడంలేదు. కొన్నేళ్ళ కిందట నేను రాసిచ్చిన వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. పులకించిపోయి కొనుక్కొచ్చి చూస్తే కింద పేరు వేరెవరిదో! అడిగితే "పొరపాటయింది, వచ్చే వారం వేస్తాం" అన్నారు. ఆ వారం ఇంకా రాలేదు.

రెండోరోజు 4వ నెంబరు రైలు. యాంకీ స్టేడియం దగ్గర సొరంగంలోంచి పైకొచ్చి, ఇళ్ళ కిటికీల పక్కనించే గడగడలాడుతూ పోతుంది. దిగి పడమటివైపు నడిస్తే సెడ్జ్‌విక్ అవెన్యూ. 1520 నెంబరు ఇల్లు. పక్కనే హైవే రొద. పేరుకి చరిత్ర గానీ, చూపుకి మామూలు బిల్డింగే. లోపల జనం కాపురాలుంటున్నారు గనక నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. 1973 ఆగస్టు 11న ఇక్కడి గదిలో సిండీ కాంప్‌బెల్ పార్టీ పెడితే, జమైకానించి వచ్చిన ఆమె అన్న కూల్ హెర్క్ రికార్డులు తిప్పాడు. టికెట్టు మగపిల్లలకి 50 సెంట్లు, ఆడపిల్లలకి 25. హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, డ్రమ్ముల ముక్కనే తెగకుండా సాగదీసేవాడు. అంటే రాప్ పుట్టుకే పరాయివాడి రికార్డు మీద అన్నమాట.

కానీ నేను ఇక్కడికొచ్చింది హెర్క్ కోసం మాత్రమే కాదు. ఈ బ్రాంక్స్‌లోనే గ్రాండ్‌మాస్టర్ కాజ్ అని ఒక కుర్రాడు నోటుపుస్తకం నిండా రాప్‌లు రాసుకునేవాడు. స్నేహితుడు బిగ్ బ్యాంక్ హ్యాంక్ పిజ్జా షాపులో పనిచేస్తూ వాటిని పాడుకుంటుంటే ఓ రికార్డు కంపెనీ యజమానురాలి చెవిన పడింది. 1979లో 'రాపర్స్ డిలైట్' వచ్చింది, ఊగించేసింది. అందులోని సంగీతం షీక్ బృందం అదే ఏడాది తెచ్చిన 'గుడ్ టైమ్స్'ది. వాళ్ళు గట్టిగా అడిగారు, పేర్లు పడ్డాయి. కాజ్ మాటలకి మాత్రం కాజ్ పేరు పడలేదు. హ్యాంక్ ఆ పుస్తకాన్ని ఎంత యథాతథంగా దించాడంటే, కాజ్ తన పాత స్టేజీ పేరుని అక్షరం అక్షరం విడదీసి రాసుకున్న చోటుని కూడా, అది తన పేరే అయినట్టు పాడేశాడు!

గుమ్మం ఎదురుగా కట్టమీద కూచుని పులిహోర తిన్నాను. తిరుగు రైల్లో చెవులకి ఫోను తగిలించుకుని ఆ పాట పెట్టాను. అక్షరాలొచ్చే చోట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. మూడోసారి వింటుండగా రైలు సొరంగంలోకి దూరింది.