బాలు గొంతు ఎటు పోయినట్టు?

ఇయర్‌ఫోన్ పిన్ను ఫోన్‌లో పూర్తిగా దిగకుండా సగంలో ఆగితే ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? తబలా ఉంటుంది, వయొలిన్లు ఉంటాయి, పాడే మనిషి మాత్రం మాయం! ఆత్మకూరు నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో, సంగం దాటాక ఓ కుదుపుకి పక్క సీటు కుర్రాడికి అదే జరిగింది. "అన్నా, బాలు పాడటం మానేశాడు" అంటూ కంగారుగా ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టాడు. నిజమే! మన నెల్లూరు బాలు ఎక్కడో బావి అడుగున ఉన్నట్టు లీలగా ప్రతిధ్వని తప్ప మరేం లేదు.

ఇందులో మంత్రమేమీ లేదు. స్టీరియో పాటకి రెండు పాయలు... ఎడమ, కుడి. గాయకుడి గొంతుని మామూలుగా రెండింటిలోనూ సమానంగా పెడతారు. అందుకే అది మన తల మధ్యలోంచి వస్తున్నట్టుంటుంది. వాద్యాలను అటు కొన్ని, ఇటు కొన్ని పంచుతారు. రెండు పాయలకూ ఉమ్మడిగా ఉండే తీగ సరిగ్గా తగలకపోతే చెవికి చేరేది వాటి మధ్య తేడా ఒక్కటే. సమానంగా ఉన్నది చెల్లుకు చెల్లు! అదే పిన్నుతో ఘంటసాల పాత పాట పెట్టి చూడండి, దాదాపు పాటంతా నిశ్శబ్దమే. అప్పటి పాటలు మోనో, అంటే ఒక్కటే పాయ మరి.

అన్నట్టు, ఈ విద్యకు బ్రిటన్‌లో ఆలన్ బ్లూమ్‌లీన్ అనే ఇంజనీరు 1931లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. దక్షిణాది సినిమా పాటకు ఆ ముచ్చట 1978 నాటి 'ప్రియ'తో తీరిందంటారు. సంగీతం ఇళయరాజా.

ఇక అసలు సంగతి. మా నాయనకి ఎడమ చెవి వినపడదు. టేప్ రికార్డరు రోజుల్లో ఇబ్బంది లేదు, రెండు స్పీకర్ల శబ్దమూ గాలిలో కలిసి ఆ ఒక్క చెవికే చేరేది. రాత్రిళ్ళు ఇంట్లోవాళ్ళ నిద్ర చెడకూడదని ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మొదలయ్యాక వచ్చింది పేచీ.

"ఏందబ్బయా, ఇళయరాజా పాటలు సగం సగమే వస్తా ఉండాయి? ఘంటసాల పాట చూడు, నిండుగా ఉండాది!"

పాతకాలం మనిషి అని ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎడమ చెవిది కుడి చెవికీ, కుడి చెవిది ఎడమకీ మార్చి పెట్టాను.

"ఇప్పుడు గిటారు వచ్చింది. వయొలిన్లు యాడికి పోయినాయి?"

మందు ఫోన్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి, ఆడియో దగ్గర 'మోనో ఆడియో' నొక్కితే రెండు పాయలూ కలిసిపోయి రెండు చెవుల్లోకీ వస్తాయి. ఫోన్‌ని బట్టి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, వెతుక్కోవాలి. అక్కడే ఎడమ, కుడి బ్యాలెన్సు గీత కూడా ఉంటుంది. ఒక చెవి కాస్త మందగించినవాళ్ళకి అది చాలు. బొత్తిగా వినపడని చెవికి మాత్రం ఆ గీత పనికిరాదు. మొత్తం కుడికి జరిపినా ఎడమ పాయలోని వయొలిన్ కుడికి రాదు గదా! (ఈక్వలైజర్‌లో బాస్ పెంచడానికి మన కుర్రాళ్ళు పడే తాపత్రయంలో పదో వంతు ఇక్కడ పడరు.)

మోనోలో పాట వెడల్పు పోతుందని సంగీతప్రియులు మూతి విరుస్తారు. ఒప్పుకుంటాను. రెండు చెవులూ చక్కగా ఉన్నవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు.

ఆ రాత్రి నాయన వసారాలో మంచమ్మీద పడుకుని ఒకే పాట మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి నన్ను తట్టి లేపాడు.

"ఇందులో వేణువు కూడా ఉండాదా అబ్బయా?"