అద్దె క్యాసెట్లో వేరే సంవత్సరం

కాలయంత్రం కట్టడానికి డబ్బు లేనివాళ్ళు తీసిన కాలప్రయాణం సినిమాలను తలుచుకుంటే నాకు ముందు తగిలేది కథ కాదు, వాసన. రాత్రంతా తిరిగి వేడెక్కిన వీసీఆర్ మూత మీద కాలే దుమ్ము, వర్షాకాలం టేపుకి తెల్లగా పట్టే బూజు, హెడ్డు తుడవడానికి కాగితం ముక్కని ముంచిన స్పిరిట్, మూలన తాబేలు మార్కు దోమల చుట్ట పొగ, ఇవన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పుడది ఏ ఇంట్లోనూ లేదు, దాని కోసం ఎవరూ వెతకడమూ లేదు. ప్రపంచంలో వీసీఆర్లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఆ చిన్న వార్త చదివి పేపరు పక్కన పెట్టాను, కాసేపటికి మళ్ళీ తీసి చదివాను.

మా కోనసీమకి వీడియో హైదరాబాదు నుంచి కంటే ముందు కువైట్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చింది. సెలవు మీద వచ్చినవాళ్ళ పెట్టెల్లో పూల దుప్పట్లు, సెంటు సీసాలు, ట్యాంగ్ డబ్బాలు, టూ-ఇన్-వన్, వాటి అడుగున తువ్వాలులో చుట్టిన నేషనల్ వీసీఆర్, దానితో పాటు బొమ్మ లేని నల్ల క్యాసెట్లు కొన్ని, పైన బాల్‌పెన్నుతో రాసిన నెంబరు తప్ప ఏ గుర్తూ లేనివి. ఇంగ్లీషు సినిమా అయితే తెర అడుగున అరబ్బీ అక్షరాలు మెరిసి మాయమయ్యేవి. కొన్ని అమెరికా పద్ధతిలో రికార్డు చేసినవి కావడంతో మన టీవీల్లో రంగు లేకుండా, బొమ్మ కిందికి జారుతూ కనిపించేవి. ఆ పెట్టె తెచ్చినావిడ పరాయివాళ్ళ వంటింట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేసి వచ్చేది, చంకలో పిల్లగా వదిలి వెళ్ళిన కూతురు అప్పటికి బడికి పోతూ ఉండేది, ఆ పిల్ల ఈవిడ దగ్గరికి రావడానికి భయపడి అమ్మమ్మ కొంగు పట్టుకునేది. కాలాన్ని దాటి రావడమంటే ఏమిటో మా వీధిలో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆవిడ కష్టంతో వచ్చిన పెట్టెలోనే మేము ఈ సినిమాలు చూశాం.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. సాయంత్రం రిక్షాలో టీవీ, వీసీఆర్ దిగేవి, తెల్లారేసరికి మళ్ళీ రిక్షా ఎక్కాలి, ఆ మధ్యలో ఎన్ని చూడగలిగితే అన్ని. ముందు పెద్దవాళ్ళ కోసం భక్తి సినిమా, తరవాత వాకిట్లో చాపలు పరుచుకుని వీధంతా కలిసి చూసే కొత్త తెలుగు సినిమా, అర్ధరాత్రి దాటి తాతయ్యలూ అమ్మమ్మలూ కూర్చున్నచోటే ఒరిగాక కుర్రాళ్ళు చొక్కా లోపలి నుంచి తీసే ఇంగ్లీషు క్యాసెట్. ఇంగ్లీషు పిక్చర్ అంటేనే ఇంట్లో అనుమానం, అందుకని వాల్యూమ్ తగ్గించి, తలుపు దగ్గరగా వేసి చూసేవాళ్ళం. తీరా అందులో ఉన్నది ఓ మనిషి కుర్చీలో కూర్చోవడం, లైట్లు ఆరి వెలగడం, అతను వేరే సంవత్సరంలో లేవడం. ఏ తప్పూ లేని సినిమాని తప్పు చేస్తున్నట్టు చూడడంలో ఒక రుచి ఉండేది. ఆ రుచి ఆడపిల్లలకి దక్కలేదు. తెలుగు సినిమా అవగానే అక్కలు లోపలికి పోవాల్సిందే. ఇక బస్టాండు వెనక వీడియో పార్లరు అనే గాలాడని గదుల్లోకి ఆడవాళ్ళు అడుగే పెట్టేవారు కారు. ఆ గదులు పోయినందుకు నాకేమీ విచారం లేదు.

‘ట్రాన్సర్స్’ అలా చూసినదే. చార్లెస్ బ్యాండ్ 1984లో తీసిన సినిమా, హీరో టిమ్ థామర్సన్, పక్కన అప్పటికింకా పెద్ద పేరు రాని హెలెన్ హంట్. ఇరవై మూడో శతాబ్దపు పోలీసు ఒకడు 1985 నాటి లాస్ ఏంజెలెస్‌కి రావాలి, కానీ అతనొచ్చేది ఏ యంత్రం ఎక్కీ కాదు. ఒక మందు ఎక్కిస్తే అతని స్పృహ రక్తసంబంధం వెంట వెనక్కి జారి, పూర్వీకుల్లో ఒకడి ఒంట్లో మేలుకుంటుంది. అతని పైఅధికారి కూడా వస్తాడు, ఆయన వంశంలో ఆ ఏడాది దొరికిన మనిషి చిన్నపిల్ల కనక, ఆ పిల్ల నోటి నుంచి కటువైన పోలీసు మాటలు వస్తాయి. గ్రాఫిక్స్ లేవు, సెట్టు లేదు, ఒక ఊహ, దాన్ని నమ్మి నటించిన పసిపిల్ల. చేతి గడియారం నొక్కితే ఒక్క సెకను పది సెకన్లంత సాగుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా కదులుతారు, అంతే. ఏటా తద్దినానికి మూడు తరాల పేర్లు చెప్పి పిండాలు పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ ఊహ నన్ను పట్టుకుని వదల్లేదు. నేనింకా పుట్టకముందే నా మనవడి మనవడెవడో మా తాతయ్య ఒంట్లోకి దిగి, కాలవ గట్టు మీద నిలబడి, చుట్టూ కొబ్బరి చెట్లను కొత్తగా చూసి వెళ్ళిపోయి ఉంటే ఎవరికి తెలుస్తుంది? తాతయ్య ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి అలా దూరంగా చూసేవాడు, ఎందుకో ఎవరూ అడగలేదు.

డబ్బున్న సినిమా కాలాన్ని కట్టుకోగలదు. డబ్బు లేనిది తను పుట్టిన కాలంలోనే తిరగాలి. గతాన్ని నిలబెట్టాలన్నా, భవిష్యత్తుని నిలబెట్టాలన్నా వడ్రంగులు కావాలి, కుట్టుపనివాళ్ళు కావాలి, అందుకని ఈ బీద సినిమాల దర్శకులు ఎక్కడి మనిషినైనా షూటింగు జరిగే ఊరికి, షూటింగు జరిగే ఏడాదికే రప్పించేవారు. ‘ది ఫిలడెల్ఫియా ఎక్స్‌పెరిమెంట్’లో 1943 నాటి నావికులు వచ్చి పడేది 1984లో, అదీ నెవాడా ఎడారిలో. ‘టైమ్‌రైడర్’లో మాత్రం మోటార్ సైకిల్ పందెగాడు ఇసకలో దారి తప్పి 1877లో తేలతాడు, ఎడారికి ఏ సంవత్సరమైనా ఒకటే కదా. ఆ అవసరం కొద్దీ కెమెరాని ఉన్న వీధిలో పెట్టి తీసినప్పుడు, ఎవరూ పట్టించుకోని సామానంతా ఆ రీళ్ళలోకి ఎక్కేసింది: గాజు తలుపుల ఫోను బూతులు, నియాన్ బోర్డులు, రోడ్డు పక్క పేపరు పెట్టెలు, పొడవాటి కార్లు. వచ్చినవాడు తను ఏ ఏడాదిలో ఉన్నాడో తెలుసుకోవడానికి చేసే మొదటి పని ఎవరో పారేసిన పేపరు ఎత్తి తేదీ చూడడం. రోడ్డు మీద పేపరు దొరకని కాలంలో దిగితే పాపం ఏం చేస్తాడు?

‘ది టెర్మినేటర్’ కూడా 1984 నాటిదే, దాదాపు 64 లక్షల డాలర్లలో తీశారు, హాలీవుడ్ లెక్కలో అది చిన్న సినిమా. భవిష్యత్తు నుంచి వచ్చిన హంతక యంత్రం తను చంపాల్సిన అమ్మాయిని పట్టుకునే దారి ఏమిటంటే ఫోను బూతులో వేలాడే డైరెక్టరీ. ఆ పేరున్న ఆడవాళ్ళ చిరునామాలన్నీ వరసగా అందులో ఉంటాయి. మా పోస్టాఫీసు బల్ల మీద కూడా ఒక డైరెక్టరీ ఉండేది, అంచులు నలిగి, మూలకి రంధ్రం చేసి తాడు కట్టినది, ఊళ్ళో ఫోనున్న ప్రతి మనిషి పేరూ వీధీ ఎవరైనా తిప్పి చూసుకునేలా. అది ఎంత ప్రమాదమో అప్పుడు మాకు తోచలేదు. అది పోయింది, పోవడమే మంచిదేమో, కానీ ఆ పుస్తకమే లేకపోతే ఆ సినిమా ముందుకి నడవదు.

వీటికంటే పాతవి తరవాతెప్పుడో చూశాను. ఎడ్గార్ ఉల్మర్ 1960లో ‘బియాండ్ ది టైమ్ బ్యారియర్’ని టెక్సస్‌లోని డాలస్‌లో తీశాడు, 1936 నాటి పెద్ద ఎగ్జిబిషన్ జరిగిన మైదానంలో. విమానం నడిపేవాడు ఆకాశంలోకి లేచి దిగేసరికి 2024, జనం భూమి కింద కోటలో బతుకుతుంటారు, ఎక్కడ చూసినా త్రికోణాల గోడలే. ఆ 2024ని మనం మామూలుగా గడిపేశాం, కరెంటు బిల్లులు కట్టి, ఓట్లు వేసి. 1964 నాటి ‘ది టైమ్ ట్రావెలర్స్’లో ట్రిక్ ఫోటోగ్రఫీకి బదులు రంగస్థలం మీద గారడీవాళ్ళు చేసే కనికట్టు కెమెరా ముందే చేసి చూపించారు. ఫ్రెంచి వాడు క్రిస్ మార్కర్ 1962లో 28 నిమిషాల ‘లా జెటే’ని దాదాపుగా కదలని ఫోటోలతోనే అల్లాడు, ఒక్కచోట మాత్రం పడుకున్న ఆమె కళ్ళు తెరుస్తుంది. దాన్ని ఫిలిం క్లబ్బుల్లో గౌరవంగా చూస్తారు. నాకు మాత్రం అదీ, మా అర్ధరాత్రి క్యాసెట్లూ ఒకే ఇంటి పిల్లలు.

మన ‘ఆదిత్య 369’ సంగతి వేరు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ధైర్యంగా యంత్రాన్నీ కట్టారు, కృష్ణదేవరాయల కొలువునీ కట్టారు, 2504నీ కట్టారు. దాన్ని ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని చూశాం, ఎవరి దగ్గరా దాచే పని లేకుండా. గొప్ప సినిమా, ఇవాళ చూసినా గొప్పదే. కానీ అందులో నేను వెతుక్కునేది రాయల కొలువు కాదు, మధ్యమధ్య మెరిసే 1991 నాటి మామూలు బట్టలు, కార్లు, ఇళ్ళు. వాటిని ఎవరూ కట్టలేదు, అప్పటికి ఉన్నవి వచ్చి పడ్డాయి.

పోయినవాటిలో ఇంకొకటి ఉంది, దాన్ని వస్తువు అనలేం. అరబ్బీ చదవడం రాదు, ఆ ఇంగ్లీషు చెవికి అందదు, కరెంటు పోతే పావుగంట కథ ఎగిరిపోతుంది, కాపీ మీద కాపీ తీసిన టేపులో ముఖాలు నీళ్ళలో ఉన్నట్టుంటాయి. అందుకని కథని మేమే అల్లుకునేవాళ్ళం. కాలేజీలో చదివే అన్నయ్య ఒకడు చీకట్లో చెబుతూ ఉండేవాడు: “ఒరే, వాడు వీడి తాతరా, వాణ్ణి చంపేస్తే వీడు పుట్టడు.” అందులో సగం తప్పని ఈమధ్య శుభ్రమైన ప్రింటు, సరైన సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాక తెలిసింది. సినిమా బాగా అర్థమైంది, అది మేలే. అన్నయ్య చెప్పిన కథ మాత్రం ఏ ప్రింటులోనూ లేదు, అది కొన్ని చోట్ల అసలు దానికంటే బాగుండేది కూడా.

ఇప్పటికీ డబ్బు లేనివాళ్ళు కాలంలో ప్రయాణిస్తూనే ఉన్నారు. షేన్ కరూత్ 2004లో 7,000 డాలర్లతో ‘ప్రైమర్’ తీశాడు, రాశాడు, నటించాడు, ఎడిటింగూ సంగీతమూ తనే. అందులో కాలయంత్రం సామాను దాచుకునే అద్దె గదిలో పెట్టిన ఒక పెట్టె, ఎన్ని గంటలు వెనక్కి పోవాలో అన్ని గంటలూ అందులో పడుకుని ఉండాలి. అమీర్‌పేట హాస్టలు గదుల్లో ఫోను కెమెరాతో కాలప్రయాణం షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇనప మంచం, నీలం ప్లాస్టిక్ బకెట్టు, కిటికీ ఊచలకి ఆరేసిన తువ్వాలు, కిందికి దిగితే టీ బండి, బండి గాజుపెట్టెకి అంటించిన క్యూఆర్ కోడ్ కాగితం, అన్నీ ఫ్రేములో పడుతుంటాయి. డబ్బొచ్చాక గది మార్చి, గోడలకి రంగు వేయించి, బకెట్టు పక్కకి జరిపి తీస్తారు. ఈలోగా తీయగలిగినన్ని తీయమని కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను.